చిన్నమెదడు చితికితే ఏమవుతుంది?
మీ ప్రశ్నలు, మా జవాబులు

తల, బుర్ర, మెదడు, నరం. ఈ నాలుగింటి చుట్టూ అల్లుకున్న వాడుక మాటల మీద ఈసారి ఉత్తరాలు బాగా వచ్చాయి. సరదాకి అనుకునే మాటలతో పేచీ లేదు. అదే మాట డాక్టరు ముందుకో, ప్రకటన కాగితం మీదికో వెళ్లినప్పుడు అర్థం తేడా వస్తే మాత్రం నష్టం మనకే. అందుకే కొన్నింటికి కాస్త పెద్ద జవాబులే ఇస్తున్నాం.

ప్రశ్న: ‘చిన్నమెదడు చితికిపోయింది’ అని సినిమాల్లోనూ మా కాలేజీలోనూ తెగ వాడతారు. చిన్నమెదడు అంటే తెలివి ఉండే చోటా? అది నిజంగా చితికితే ఏమవుతుంది? – డిగ్రీ విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: తెలివి పోయిందని చెప్పడానికి ఈ మాట వాడుతున్నారు గానీ, చిన్నమెదడు పని ప్రధానంగా అది కాదు. పాఠ్యపుస్తకంలో దీన్నే అనుమస్తిష్కం అంటారు. తల వెనక, మెడ మొదలయ్యే చోటుకి కాస్త పైన, పెద్దమెదడు కింద ఒదిగి ఉంటుంది. బరువులో మొత్తం మెదడులో పదో వంతు. కానీ మనిషి మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల నాడీకణాల్లో 6,900 కోట్ల దాకా ఇందులోనే ఉన్నాయి. పేరుకే చిన్నది!

నడక తూలకుండా చూడటం, చెయ్యి గురి తప్పకుండా చూడటం, మాట ముద్దగా రాకుండా చూడటం దీని పని. మద్యం తాగినవాడి కాళ్లు తడబడేది, నాలుక మడతపడేది చాలావరకు చిన్నమెదడు మీద పడిన మత్తు వల్లే. డాక్టర్లు దీన్ని పరీక్షించే పద్ధతి చాలా తేలిక. మీ చూపుడు వేలితో మీ ముక్కుకొనను, ఆ వెంటనే ఎదురుగా ఉన్న డాక్టరు వేలికొనను మార్చి మార్చి తాకమంటారు. గురి దగ్గరపడే కొద్దీ చెయ్యి ఎక్కువగా వణికినా, వేలు దాటి ముందుకు పోయినా అనుమానం. తర్వాత మడమకు బొటనవేలు ఆనిస్తూ ఒకే గీత మీద నడవమంటారు.

అసలు జాగ్రత్త ఇక్కడుంది. చిన్నమెదడుకు రక్తం అందక పక్షవాతం వస్తే చెయ్యీ కాలూ పడిపోకపోవచ్చు. ఉన్నట్టుండి కళ్లు గిర్రున తిరగడం, వాంతులు, నిలబడితే ఒక పక్కకి ఒరిగిపోవడం, అంతే. ఇంట్లోవాళ్లు ‘పైత్యం చేసింది’ అని నిమ్మరసం ఇచ్చి పడుకోబెడతారు. వాంతులతో పాటు అడుగు వెయ్యలేకపోతే అది పైత్యం అనుకోకుండా వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. మొదటి గంటల్లో తీసిన సి.టి. స్కాన్‌లో ఈ దెబ్బ కనిపించకపోవచ్చు, ఎమ్మారై కావాల్సి రావచ్చు.

ఇదే కోవలో ‘వీడికి మెడుల్లా అబ్లాంగేటా పాడైంది’ అని కూడా వాడుతున్నారు. తెలుగులో మజ్జాముఖం. ఊపిరి, గుండె వేగం, రక్తపోటు, మింగడం దాని చేతిలో ఉంటాయి. అది నిజంగా పాడైనవాడు మన ఎదురుగా కూర్చుని మాటలు పడే స్థితిలో ఉండడు.

ప్రశ్న: ‘బుర్రలో గుజ్జు లేదు’ అంటారు కదా, మెదడు నిజంగా గుజ్జులా ఉంటుందా? మేక మెదడు తింటే పిల్లలకి గుజ్జు పెరుగుతుందని మా అత్తగారు అంటారు. – గృహిణి, తణుకు

జవాబు: గుజ్జు అన్న మాట చాలా సరిగ్గా కుదిరింది. బతికున్న మెదడు జున్నులా మెత్తగా, లేత గులాబీ చాయలో ఉంటుంది. కాలేజీ సీసాల్లో కనిపించే బూడిదరంగు గట్టి ముద్ద ఫార్మాలిన్‌లో నానిన తర్వాతి రూపం. బుర్ర అన్నది కూడా చక్కటి మాటే: సొరకాయ బుర్ర, తాటి బుర్ర, బుర్రకథలోని బుర్ర. పైన గట్టి డొల్ల, లోపల ఖాళీ. ఆ ఖాళీలో ఏముందన్నదే తిట్టుకి మూలం. గోదావరి జిల్లాల్లో ‘బుర్ర తినకు’ అంటే, హైదరాబాద్‌లో ‘దిమాక్ ఖరాబ్ చెయ్యకు’, ‘భేజా ఫ్రై చెయ్యకు’. సీమలో కోపమొస్తే ‘తిక్క లేచింది’. చోటుని బట్టి తల మీద దాడి ఒక్కో రకం.

మీ అత్తగారి మాట విషయానికొస్తే, తిన్న మెదడు కడుపులో అరిగి అన్ని మాంసాల్లాగే పోషకాలుగా మారుతుంది, తిన్నగా తలలోకి చేరదు. కొలెస్ట్రాల్ చాలా ఎక్కువ కాబట్టి గుండెజబ్బు ఉన్నవాళ్లకి వద్దు. వండేటప్పుడు గోరువెచ్చని ఉప్పునీళ్లలో కాసేపు ఉంచి పైన ఎర్రటి గీతలతో కనిపించే పల్చటి పొర తీసేస్తారు కదా, అలాంటి పొరలే మన మెదడు మీదా ఉన్నాయి. వాటికి వాపు వస్తేనే ‘మెదడు పొరల వాపు’. పత్రికల్లో చదివే ‘మెదడువాపు’ వేరు, అది మెదడుకే వచ్చే వాపు. దోమ ద్వారా వచ్చే జపనీస్ రకానికి టీకా ఉంది.

ప్రశ్న: ‘మోకాల్లో మెదడు’ అన్న తిట్టు ఎలా పుట్టింది? – విశ్రాంత ఉపాధ్యాయుడు, కర్నూలు

జవాబు: ఎవరు మొదట అన్నారో గానీ, మోకాలికి మెదడుతో పనిలేని మాట నిజమే. కాలు వేలాడేసి కూర్చున్నప్పుడు మోకాలిచిప్ప కింద చిన్న సుత్తితో తడితే కాలు ఎగురుతుంది. ఆ కబురు నడుము దగ్గరి వెన్నుపాము దాకా వెళ్లి అక్కడినుంచే తిరిగొస్తుంది, మెదడు దాకా పోదు. తట్టిన సంగతి మనకి తెలిసేలోపే కాలు లేచిపోతుంది.

ప్రశ్న: మా నాన్నకి కాలి నరాలు ఉబ్బాయి. నరాల డాక్టరు దగ్గర టోకెన్ తీసుకుని మూడు గంటలు కూర్చుంటే ‘ఇది నా దగ్గరికి కాదు’ అన్నారు. నరం అంటే అసలు ఏది? గోడల మీద రాసే ‘నరాల బలహీనత’ ఏ జబ్బు? – ప్రైవేటు ఉద్యోగి, ఖమ్మం

జవాబు: ఇది తెలుగువాళ్లందరికీ ఉన్న చిక్కు. మనం నరం అనే ఒక్క మాటతో మూడు వేర్వేరు వస్తువుల్ని పిలుస్తున్నాం. సూది గుచ్చడానికి నర్సమ్మ వెతికే ‘నరం’ రక్తం ప్రవహించే సిర. మడమ వెనక తాడులా తగిలే ‘నరం’ కండను ఎముకకు కట్టే స్నాయుబంధం. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కబుర్లు మోసేది మూడోది, దాన్ని పుస్తకాల్లో నాడి అన్నారు. ఇంట్లో నాడి అంటే మణికట్టు దగ్గర కొట్టుకునేది, అది మళ్లీ రక్తనాళమే! ఇంత గందరగోళంలో మీరు తప్పు క్యూలో నిలబడ్డారంటే మిమ్మల్ని అనడానికేం లేదు.

గుర్తు పెట్టుకోవడానికి ఒక దారి. నీలంగా, మెలికలుగా, చర్మం పైకి కనిపిస్తే అది సిర. సాయంత్రానికి కాలు బరువెక్కి, కాలు ఎత్తులో పెట్టుకుంటే తగ్గుతుంది. రక్తనాళాల సర్జన్ దగ్గరికో, జనరల్ సర్జన్ దగ్గరికో వెళ్లాలి. నిద్రలో పిక్క పట్టేసి ‘నరం ఎక్కింది’ అన్నది కండ పట్టడం. పాదాన్ని మీ వైపు వంచి అలాగే ఉంచితే వదిలేస్తుంది. తిమ్మిరి, మంట, చీమలు పాకినట్టు ఉండటం, చెప్పు జారిపోయినా తెలియకపోవడం నాడికి సంబంధించినవి. షుగరు ఉన్నవాళ్లలో ఇది రెండు పాదాల వేళ్ల దగ్గర మొదలై మెల్లగా పైకి పాకుతుంది. న్యూరాలజిస్టుకి చూపించాల్సింది దీన్ని.

డాక్టరు దగ్గర ‘నరాలు లాగుతున్నాయి’ అని ఊరుకోకండి. ఎక్కడ మొదలైంది, ఒక వైపా రెండు వైపులా, పగలా రాత్రా, మంటా నొప్పా మొద్దుబారడమా అని చెప్పండి. సగం రోగనిర్ధారణ అక్కడే అయిపోతుంది.

‘నరాలకి బలం’ అని వేసే సూదుల్లో చాలావాటిలో ఉండేది బి12 విటమిన్. అది తక్కువగా ఉన్నవాళ్లకి నిజంగా పనిచేస్తుంది. శాకాహారులు, ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ అనే షుగరు మాత్ర వేసుకునేవాళ్లు రక్తపరీక్ష చేయించుకోవాలి. లోపం లేకుండా వేయించుకుంటే బలమేం రాదు.

ఇక గోడల మీది ‘నరాల బలహీనత’. వైద్యశాస్త్రంలో ఆ పేరుతో జబ్బు లేదు. లైంగిక సమస్యని నేరుగా చెప్పుకోలేని కుర్రాళ్ల సిగ్గు మీద లాడ్జి వైద్యులు కట్టుకున్న వ్యాపారం అది. ఇరవై ఏళ్ల కుర్రాడు తనకి నరాలు చచ్చిపోయాయని నమ్మి, ఏం కలిపారో తెలియని పొడులు మింగుతున్నాడు. అలాంటి భయం ఉంటే యూరాలజిస్టునో సైకియాట్రిస్టునో కలవండి. మామూలు విషయాన్ని జబ్బుగా నమ్మించిన సంగతి చాలాసార్లు మొదటి సంభాషణలోనే తేలిపోతుంది.

ప్రశ్న: మూర్ఛ అంటే స్పృహ తప్పడమా, ఫిట్సా? తాళంచేతులు పెడితే తగ్గుతుందంటారు. – అంగన్‌వాడీ కార్యకర్త, పార్వతీపురం

జవాబు: పాత కావ్యాల్లో మూర్ఛిల్లింది అంటే స్పృహ తప్పిందనే. తర్వాత అదే మాట ఫిట్స్ జబ్బుకీ స్థిరపడింది. రెండూ వేరు, చెయ్యాల్సిన పనీ వేరు.

ఊరికే స్పృహ తప్పేవాళ్లకి ముందుగా కళ్లు బైర్లు కమ్ముతాయి, ముఖం పాలిపోతుంది, చెమట పడుతుంది. ఎండలో చాలాసేపు నిలబడినప్పుడో, రక్తం చూసినప్పుడో వస్తుంది. పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తిపెడితే నిమిషంలోపే తేరుకుని మామూలుగా మాట్లాడతారు. ఫిట్స్‌లో ఒళ్లు కొయ్యబారి ఆపైన కొట్టుకుంటుంది, నాలుక పక్కన కొరుక్కుంటారు, మూత్రం పడిపోవచ్చు. ఆగిన తర్వాత కూడా కాసేపు అయోమయంగా ఉంటారు. ఆ అయోమయమే రెండింటికీ మంచి తేడా.

ఫిట్స్ వచ్చినప్పుడు మొట్టమొదట గడియారం చూడండి. చుట్టుపక్కల రాయి, పొయ్యి, బల్లమూల ఉంటే జరపండి. తల కింద మడిచిన తువ్వాలు పెట్టి, మెడ దగ్గర బొత్తాం విప్పి, వీలైనంత త్వరగా పక్కకి తిప్పండి, నురగ బయటికి పోతుంది. చేతులు కాళ్లు అదిమి పట్టకండి, ఎముక విరుగుతుంది. నోట్లో చెంచా, గుడ్డ, వేలు ఏదీ పెట్టకండి. పన్ను ఊడి గొంతులో పడుతుంది, మీ వేలూ తెగుతుంది. పూర్తిగా తెలివొచ్చేదాకా మంచినీళ్లు కూడా వద్దు. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే రెండోసారి వచ్చినా, గర్భిణికి వచ్చినా, ఎప్పుడూ లేని మనిషికి మొదటిసారి వచ్చినా 108కి ఫోన్ చెయ్యాలి.

తాళంచేతులకి వచ్చిన పేరు ఎలాగంటే, చాలా ఫిట్స్ ఒకటి రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి. తాళాలు వెతికి తెచ్చి చేతిలో పెట్టేసరికి ఆ సమయం అయిపోతుంది. ఇనుముకి, ఉల్లిపాయకి, చెప్పు వాసనకి దక్కిన గౌరవం అదే. మీ కేంద్రానికి వచ్చే తల్లులకి ఇంకో మాట కూడా చెప్పండి: ఇది దెయ్యం కాదు, అంటుకోదు. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలో మూర్ఛ పెళ్లికి అడ్డంకిగా రాసి ఉండేది, 1999లో ఆ మాట తీసేశారు. చట్టం మారినా పెళ్లిచూపుల్లో దాచే అలవాటు పోలేదు. దాని వల్ల అత్తింట్లో మందు మానేసి ఫిట్స్ తిరగబెట్టించుకుంటున్న ఆడపిల్లలు ఎందరో.

ప్రశ్న: మా ఊళ్లో గుండెపోటునీ ‘స్ట్రోక్’ అంటారు, పక్షవాతాన్నీ ‘స్ట్రోక్’ అంటారు. ఏది సరి? – కిరాణా వ్యాపారి, సూర్యాపేట

జవాబు: స్ట్రోక్ అంటే మెదడుకే, అంటే పక్షవాతం. గుండెకి వచ్చేది హార్ట్ అటాక్. ‘హార్ట్ స్ట్రోక్’ అన్నది మనవాళ్లు కలిపేసిన మాట. పట్టించుకోవాల్సిన తేడా ఇది. గుండెపోటు అనుమానంలో డాక్టరు ఫోన్‌లో ఆస్పిరిన్ నమలమనవచ్చు. పక్షవాతంలో ఇంట్లో అది వెయ్యకూడదు, ఎందుకంటే రక్తనాళం మూసుకుపోయిందో చిట్లిందో స్కాన్ తీస్తే తప్ప తెలియదు. చిట్లి ఉంటే ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది. కాబట్టి 108కి చెప్పేటప్పుడు ‘స్ట్రోక్’ అని ఆపకుండా ‘మూతి వంకర పోయింది, కుడిచెయ్యి లేవట్లేదు, మాట రావట్లేదు’ అని కనిపించింది చెప్పండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి గడువు సాధారణంగా 4.5 గంటలు. లెక్క మొదలయ్యేది మీరు గమనించిన క్షణం నుంచి కాదు, ఆ మనిషి చివరిసారి మామూలుగా ఉన్న క్షణం నుంచి. ఆ సమయం గుర్తుంచుకుని చెప్పాలి.

ప్రశ్న: మా అబ్బాయి స్కూల్లో ‘మిడ్ బ్రెయిన్ యాక్టివేషన్’ క్లాసులు పెట్టారు. కళ్లకి గంతలు కట్టుకుని పిల్లలు పుస్తకం చదివారు, రంగులు చెప్పారు. వేలల్లో ఫీజు. చేర్పించమంటారా? – తల్లి, విజయవాడ

జవాబు: చేర్పించకండి. మెదడు మాటకి కావాలని పుట్టించిన అర్థాల్లో ఇది చాలా ఖరీదైనది. ‘మధ్యమెదడు’ అన్న పేరు వినగానే ఎడమకీ కుడికీ నడుమ నిద్రపోతున్న శక్తి అనిపిస్తుంది. వాస్తవంలో అది మెదడుని వెన్నుపాముకి కలిపే మెదడుకాండం పైభాగంలో సుమారు 2 సెంటీమీటర్ల పొడవున్న ముక్క. వెలుతురుకి కంటిపాప చిన్నదవడం, చప్పుడైన వైపు కళ్లు తిరగడం దాని పనుల్లో ఉన్నాయి. కబుర్లు మోసే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే నల్లటి కణాలు కూడా అక్కడే ఉంటాయి, అవి క్షీణిస్తేనే పార్కిన్సన్స్ వణుకు. మీ అబ్బాయి మధ్యమెదడు పుట్టినప్పటి నుంచీ పనిచేస్తూనే ఉంది. లేకపోతే వాడికి మెలకువే ఉండేది కాదు.

మరి గంతలతో చదివిందెలా? ముక్కుకి, చెంపకి మధ్య గంతకింద ఎప్పుడూ సన్నటి సందు మిగులుతుంది. అద్దం ముందు నిలబడి మీరే కట్టుకుని, కళ్లు కిందికి దించి చూడండి, మీ చేతిలో కాగితం కనిపిస్తుంది. ఆ పిల్లల్ని మళ్లీ గమనించండి. పుస్తకాన్ని ముఖానికి ఎదురుగా పట్టుకోరు, గడ్డం కింద, పొట్ట దగ్గర పెట్టుకుంటారు. తల కొద్దిగా వెనక్కి వాలుస్తారు. గంతని పదేపదే సర్దుకుంటారు.

తేల్చుకోవాలంటే ఈత కళ్లద్దాలు ఒక జత కొని లోపలి వైపు నల్లటి ఎలక్ట్రికల్ టేపు రెండు పొరలు అంటించండి. ముందు మీరు పెట్టుకుని టార్చి వెలుతురు కూడా రావట్లేదని చూసుకోండి. పేకముక్కలు మీ ఇంటివే వాడి, మీరే కలిపి, పిల్లాడి నుదుటికి పైన ఒక్కొక్కటీ చూపించండి. శిక్షకుడు గదిలో ఉండకూడదు, సైగలు అందుతాయి. ఎరుపా నలుపా అని అడిగితే ఊహించి చెప్పినా సగం సరిపోతాయి కాబట్టి అంకె, గుర్తు రెండూ చెప్పాలనండి. ‘కొత్తచోట శక్తి రాదు’, ‘నమ్మకం లేనివాళ్ల ముందు పనిచెయ్యదు’ అని సాకులు చెబితే మీకు జవాబు దొరికినట్టే. పిల్లల్ని మాత్రం తిట్టకండి. ఫీజు కట్టిన అమ్మానాన్నలు నిరాశపడతారన్న భయంతో వాళ్లు ఆ సందులోంచి చూస్తారు. బడిలో వాళ్లకి అబద్ధం నేర్పడం మాకు మింగుడుపడని సంగతి.

‘మెదడులో 10 శాతమే వాడుతున్నాం’ అని ఆ కరపత్రంలో రాసి ఉంటే అదీ అబద్ధమే. ఒంటి బరువులో 2 శాతం ఉన్న మెదడు ఒంటి శక్తిలో 20 శాతం దాకా ఖర్చు పెడుతుంది. 90 శాతం పనిలేని అవయవానికి అంత మేత దేనికి?

ప్రశ్న: ‘బ్రెయిన్ రాట్’ అంటే జబ్బా? ‘డోపమైన్ డిటాక్స్’ చేస్తే పోతుందా? – ఇంటర్ విద్యార్థిని, తెనాలి

జవాబు: జబ్బు పేరు కాదు. పనికిరాని వీడియోలు గంటల కొద్దీ చూశాక బుర్ర మొద్దుబారినట్టుండే స్థితికి వాడుక పేరు. ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు 2024 సంవత్సరపు మాటగా ఎంచారు, అమెరికా రచయిత థోరో 1854లోనే వాడాడు. డోపమైన్ విషం కాదు కడిగెయ్యడానికి, అది తగ్గితే ఒళ్లు బిగుసుకుపోతుంది. ఫోన్ తగ్గించడం మంచిదే. నిద్రపోయే గదిలో ఛార్జర్ పెట్టకపోవడంతో మొదలుపెట్టు తల్లీ, ఆ పెద్ద పేర్లు అక్కర్లేదు.

ప్రశ్న: మా అమ్మకి 74 ఏళ్లు. రెండు రోజులుగా చనిపోయిన మా మామయ్యతో మాట్లాడుతోంది. అందరూ ‘ముసలి చాదస్తం’, ‘సంధి ప్రేలాపన’ అంటున్నారు. – పాఠకుడు, జగిత్యాల

జవాబు: ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోపే చూపించి ఉంటారని ఆశిస్తున్నాం, లేకపోతే ఈరోజే తీసుకెళ్లండి. చాదస్తం అన్నది ఛాందసం నుంచి వచ్చిన మాట, పట్టిన పట్టు వదలని తీరుకి పేరు. అది జబ్బు కాదు. మతిమరుపు జబ్బు నెలలు, ఏళ్లుగా ముదురుతుంది. రెండు రోజుల్లో మనిషి మారిపోతే అది ఈ రెండూ కాదు. ‘సంధి’ అని మన పెద్దలు అన్నదే దీనికి సరైన పేరు, ఇప్పుడు డాక్టర్లు డెలీరియం అంటున్నారు. మనం ఆ మాటని పనికిమాలిన వాగుడికి వాడుకుని అసలు అర్థం పోగొట్టుకున్నాం.

ఉదయం బాగానే ఉండి రాత్రయ్యేసరికి పెరగడం దీని లక్షణం. కారణం తరచూ మెదడు బయటే ఉంటుంది: మూత్రంలో ఇన్‌ఫెక్షన్, రక్తంలో సోడియం పడిపోవడం, షుగరు తగ్గడం, నీళ్లు చాలకపోవడం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర. కొన్ని బీపీ మాత్రలు సోడియం తగ్గిస్తాయి. అందుకే అమ్మ వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. కళ్లజోడు, వినికిడి మిషను తప్పకుండా పెట్టండి, సరిగ్గా కనపడక వినపడక అయోమయం రెట్టింపవుతుంది. మామయ్య లేడని వాదించకండి, మీరెవరో, ఇప్పుడు టైమెంతో నెమ్మదిగా చెబుతూ ఉండండి.

ప్రశ్న: క్లాసులో మందబుద్ధిని ‘బ్రెయిన్ డెడ్’ అంటారు. పేపర్లో ‘బ్రెయిన్ డెడ్ అయిన యువకుడి అవయవదానం’ అని వస్తుంది. కోమాలో ఉన్నవాళ్లు లేచి వస్తారు కదా, వీళ్లూ లేస్తారేమో? – నర్సింగ్ విద్యార్థిని, అనంతపురం

జవాబు: లేవరు. కోమాలో మెదడుకాండం ఎంతో కొంత పనిచేస్తుంది, చాలామంది ఊపిరి తామే తీసుకుంటారు. మెదడు మరణంలో అదంతా ఆగిపోయి ఉంటుంది. గుండె కొట్టుకునేది దానికి సొంత విద్యుత్ ఏర్పాటు ఉండటం వల్ల, ఊపిరి వెంటిలేటర్ వల్ల. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం నలుగురు డాక్టర్లు ధ్రువీకరించాలి, అవయవం అమర్చే బృందంలోని వాళ్లు అందులో ఉండకూడదు.

పరీక్షకి ముందు మత్తుమందుల ప్రభావం లేదని, ఒళ్లు అతిగా చల్లబడలేదని నిర్ధారిస్తారు. టార్చి వేస్తే కంటిపాప కదలదు. కనుగుడ్డు మీద దూదిపోగు తాకిస్తే రెప్ప పడదు. చెవిలో చల్లటి నీళ్లు పోస్తే కనుగుడ్లు కదలవు. గొంతులో గొట్టం కదిపితే దగ్గు రాదు. చివరిది ఊపిరి పరీక్ష. ఆక్సిజన్ అందిస్తూ వెంటిలేటర్ విడదీసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ బాగా పెరిగేదాకా చూస్తారు. అప్పటికీ ఛాతీ ఒక్కసారైనా లేవకపోతే మజ్జాముఖం పనిచేయడం లేదన్నమాట. కనీసం 6 గంటల తర్వాత ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేస్తారు. రెండుసార్లూ ఒకే ఫలితం వస్తేనే మరణంగా రాస్తారు. తెలుగు రాష్ట్రాల్లో ఆ తర్వాత అవయవాల కేటాయింపు ప్రభుత్వ పథకమైన జీవన్‌దాన్ చూస్తుంది.

రేపు మీరు ఐసీయూలో డ్యూటీ చేసేటప్పుడు బంధువులతో ‘బ్రెయిన్ డెడ్ అయ్యారు, కానీ ఇంకా బతికే ఉన్నారు’ అన్న మాట రానివ్వకండి. ‘మెషీన్ తీసేస్తే చనిపోతారు’ అని కూడా అనకండి. ‘చనిపోయారు, మెషీన్ వల్ల ఒంట్లో రక్తం తిరుగుతోంది’ అని చెప్పాలి. ఆ వాక్యం చెప్పాక కాసేపు మౌనంగా ఉండి, వాళ్లు అడిగినదానికి జవాబు చెప్పండి. అవయవదానం గురించి అడగటం అప్పుడే వద్దు, అది శిక్షణ పొందిన సమన్వయకర్త పని.